కూటం వదిలాక

ఒక మతాన్ని నమ్మడం వేరు, ఆ మతం పేరుతో నడిచే గుంపు చేతిలో బతుకంతా పెట్టడం వేరు. ఎవరిని పెళ్లాడాలి, ఏ ఉద్యోగం మానేయాలి, జీతంలో ఎంత ఇవ్వాలి, ఏ పుస్తకం ముట్టకూడదు, ఏ బంధువు గడప తొక్కకూడదు అన్నవన్నీ ఒక పాస్టరో, స్వామీజీయో, పెద్దల సంఘమో తేలుస్తుంటే, సందేహం వచ్చిందంటే దాన్ని పాపం కింద జమకడుతుంటే, ఆ మనిషి ఉన్నది భక్తిలో కాదు, అదుపులో. ఇది ఏ ఒక్క మతానికో పరిమితం కాదు. దేవుడి పేరెత్తని సంఘాల్లోనూ కనిపిస్తుంది. అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ చైనాలో ఆలోచనలు మార్చే శిబిరాల నుంచి బయటపడ్డవాళ్లతో మాట్లాడి 1961లో ఒక పుస్తకం రాశాడు. బయటివాళ్లతో మాటామంతీ తెంచేయడం, లోపలి తప్పులన్నీ పదిమందిలో ఒప్పించడం, ఎంత చేసినా ఇంకా చాలలేదనిపించడం అక్కడి పద్ధతులని అందులో వివరించాడు. అదుపు గురించి అధ్యయనం చేసేవాళ్లు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

సామర్లకోటలో నమ్మకానికి కొదవ లేదు. తూర్పు చాళుక్య భీముడు కట్టించిన కుమారారామం ఇక్కడే ఉంది. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1882లో బోధకుల శిక్షణకు సెమినరీ తెరిచిందీ ఈ ఊళ్లోనే. గుడికో చర్చికో వెళ్లి, దణ్ణమో ప్రార్థనో చేసుకుని, ఇంటికొచ్చి తమ పని తాము చూసుకునేవాళ్లే ఎక్కువమంది. ఇక్కడి మాట వాళ్ల గురించి కాదు.

అదుపు నుంచి బయటికొచ్చినవాళ్లకు మొదట కలిగేది తేలికదనం. అది ఎక్కువ రోజులు నిలవదు. దాని వెనకే భయం వస్తుంది, అదీ ఒంట్లోంచి వస్తుంది. క్రీస్తు రెండో రాకడ ఏ క్షణమైనా జరగవచ్చని చిన్నప్పటి నుంచి విన్న అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉండి లోపల ఎవరూ లేకపోతే, అందరూ ఎత్తబడిపోయి తనొక్కతే మిగిలిపోయిందని గుండె జారిపోతుంది. అమ్మ పక్కింటికి పెరుగు తోడుకని వెళ్లిందన్న ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. ఆశ్రమం మానేసిన మనిషి గురువు బొమ్మున్న లాకెట్ మెడలోంచి తీస్తాడు గానీ పారేయలేడు. బీరువాలో బట్టల కింద దాస్తాడు. ఆ వారంలో పిల్లాడికి జ్వరమొస్తే చెయ్యి బీరువా వైపే పోతుంది. గురుద్రోహం, శాపం, వెనుదిరిగినవాళ్లు అనే మాటలు ఏళ్ల తరబడి చెవిలో పడ్డాక, బుద్ధి ఒప్పుకున్నంత త్వరగా ఒళ్లు ఒప్పుకోదు.

ఇలాంటి బాధకు అమెరికా మనస్తత్వవేత్త మార్లీన్ వినెల్ 2011లో మతాఘాతం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. వైద్యుల అధికారిక జాబితాల్లో అది విడి జబ్బుగా లేదు. అయినా నిద్రలేమి, హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, దిగులు, దేనిమీదా మనసు నిలవకపోవడం అన్నీ చికిత్సకు లొంగేవే. పేరు కుదరలేదని బాధ అబద్ధమైపోదు.

చిన్న ఊళ్లో దీనికి మరో ముడి ఉంది. హైదరాబాదులో అయితే పేట మార్చేస్తే పాత మొహాలు కనిపించవు. సామర్లకోటలో కూరగాయల దగ్గర, రేషను షాపులో, కాకినాడ రైలు కోసం నిలబడ్డ ప్లాట్‌ఫారం మీద వాళ్లే ఎదురవుతారు. కొందరు మొహం తిప్పుకుంటారు. కొందరు అమ్మను పట్టుకుని "మీ అమ్మాయి కూటానికి రావట్లేదేంటండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అమ్మ దగ్గర జవాబుండదు, ఇంటికొచ్చి కూతురితో మాట్లాడదు. పని ఇప్పించింది గుంపువాళ్లే అయితే జీతమూ పోతుంది. ఉంటున్న ఇల్లు వాళ్లదైతే నీడా పోతుంది.

గోదావరి సీమకు ఈ నొప్పి తెలియనిది కాదు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, వచ్చినవాళ్లకు స్వయంగా వండిపెట్టింది. తోడొచ్చిన వాళ్లలో కొందరు వెలికి తట్టుకోలేక ప్రాయశ్చిత్తం చేయించుకుని వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడం న్యాయం కాదు. ఈడొచ్చిన ఆడపిల్లకు సంబంధం రాకుండా, తల్లి తద్దినానికి బ్రాహ్మడు రాకుండా బతకడం అంటే ఏమిటో వాళ్లకే తెలుసు. ఈ రోజుల్లో వెనక్కి వెళ్లిపోయే వాళ్ల సంగతీ అంతే. బెదిరింపుకన్నా ఒంటరితనమే మనిషిని ఎక్కువగా వెనక్కి లాగుతుంది.

గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు కథ సామర్లకోటకు కూతవేటు దూరంలోనే నడిచింది. కాకినాడ పి.ఆర్. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. 1928లో జంధ్యం వదిలితే తండ్రి ఇంట్లోంచి వెళ్లిపొమ్మన్నాడు, కులం వెలివేసింది. నాస్తికుడైనందుకు 1933లో కళాశాల ఉద్యోగమూ పోయింది. భార్య సరస్వతి పదేళ్ల వయసులో పెళ్లయి వచ్చిన పిల్ల. అంతకుముందు దంపతులు కొలంబోలో ఉండగా, ఆమె కడుపుతో ఉన్న రోజుల్లోనే గ్రహణం పట్టింది. ఇంట్లో కదలకుండా పడుకోవాల్సిన ఆ గంటల్లో ఆమె మామూలుగా తిరిగింది. పుట్టిన బిడ్డ నిక్షేపంగా ఉంది. ఇప్పటి వైద్యులు భయానికి చేయించే పని దాదాపు ఇదే: భయపడే పనిని ఎవరో ఒకరు తోడుండగా, కొద్దికొద్దిగా చేసి చూడటం, ఏమీ కాలేదని ఒంటికి తెలియనివ్వడం. లాకెట్‌ను ఒక రోజు బీరువాలోంచి తీసి బల్ల మీద ఉంచడంతో అది మొదలు కావచ్చు.

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో గోరా దంపతులు నాస్తిక కేంద్రం పెట్టారు. పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లతో సహపంక్తి భోజనాలు నడిపారు. వాదాలు, వ్యాసాలు చాలానే ఉన్నా, వెలిపడ్డ మనిషికి ముందు దక్కాల్సింది పక్కన కూర్చుని తినే మనుషులు. ఈ కథలో అన్నిటికన్నా విలువైంది అదే.

మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ఆఘాతం నుంచి కోలుకోవడంలో మూడు మెట్లు చెప్పారు: ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం. భద్రత అంటే ఇల్లు, జీతం, నిద్ర, ఫోనులో ఎవరి కాల్ ఎత్తాలో ఎవరిది ఎత్తకూడదో తేల్చుకోవడం. ఇది కుదరకముందే గొడవకు దిగితే మనిషి చితికిపోతాడు. దుఃఖం దగ్గర చాలామంది తడబడతారు. దశమభాగంగా పోసిన డబ్బు, పొలం అమ్మి ఇచ్చిన సొమ్ము, చదువుకోకుండా పోయిన ఏళ్లు గుర్తొచ్చి కోపం వస్తుంది. ఆ కోపం తప్పు కాదు. దాంతోపాటు పాటలు, పండగలు, కూటంలో చెయ్యి పట్టుకుని ఏడ్చిన స్నేహితులు కూడా గుర్తొస్తారు. పోయినవాటిలో మంచివీ ఉన్నాయని ఒప్పుకుని ఏడవగలిగితేనే గుండె తేలికవుతుంది.

నిర్ణయాలు తీసుకోవడం మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది. ఆదివారం పొద్దున్న ఏం చెయ్యాలో తోచక మంచం మీద కూర్చుండిపోయేవాళ్లున్నారు. సినిమాకు వెళ్లాలా వద్దా, ఏ రంగు చీర కొనుక్కోవాలి లాంటి చిన్న చిన్న ఎంపికల నుంచి మొదలుపెట్టాలి. ఈ దశలో పొంచి ఉన్న ప్రమాదం ఇంకో గురువు దొరకడం. కొత్త గురువు కాషాయంలోనే ఉండాలని లేదు. హేతువాదం పేరుతోనూ, పార్టీ పేరుతోనూ అదే అదుపు దొరుకుతుంది. బయటికొచ్చినవాళ్లంతా నాస్తికులు కావాలనీ లేదు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లి, దాన్నీ వదిలేసిన రచయిత చలం 1950లో అరుణాచలం చేరి కడదాకా అక్కడే ఉన్నాడు. గోరా దారి వేరు, చలం దారి వేరు. ఇద్దరూ ఎవరి దారి వాళ్లే ఎంచుకున్నారు.

ఒంటరిగా నెట్టుకురావడం కష్టమైతే సాయం దగ్గర్లోనే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. డాక్టరు ఏ మతస్థుడైనా, మొదటిరోజే "నన్ను మళ్లీ దేవుడి దగ్గరికి పంపొద్దు, దేవుణ్ణి తిట్టనూ వద్దు" అని చెప్పేయడం మంచిది. చావాలన్న ఆలోచన వస్తుంటే సాయం అడగడం వాయిదా వేయకూడదు.

ఇంట్లోవాళ్లు లోపలే ఉండిపోతే వాళ్లతో తెంచుకోవాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. మతం మాట ఎత్తకుండా అన్నం, ఆరోగ్యం, పిల్లల చదువు మాట్లాడుకుంటూ ఏళ్లు గడిపిన ఇళ్లున్నాయి. వెళ్లిన ప్రతిసారీ చుట్టూ కూర్చోబెట్టి ప్రార్థన పెడితే కొన్నాళ్లు వెళ్లకపోవడమే మేలు. పెళ్లి తంతు అడ్డొస్తే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహ అధికారికి 30 రోజుల ముందు నోటీసిచ్చి, ఏ పురోహితుడూ పాస్టరూ లేకుండా పెళ్లి చేసుకోవచ్చు. చావు విషయం అంత సులువు కాదు. సమాధుల దొడ్డి సంఘానిదైతే చోటివ్వబోమని అంటారేమోనన్న బెంగ పెద్దవాళ్లను తినేస్తుంది. తన తర్వాత ఏం చెయ్యాలో, ఎక్కడ చెయ్యాలో బతికుండగానే ఒక కాగితం మీద రాసి, నమ్మకమైన ఇద్దరి చేతిలో పెట్టడం మంచిది.