సుహైలీ – జాషువా: రెండు తెరచాప పడవల తులనాత్మక పరిశీలన

ఒక పనిముట్టు మంచిదా, కాదా అని అడిగినచో “ఏ పనికి?” అని ఎదురు ప్రశ్న వేయుట శాస్త్రపద్ధతి. తెరచాప పడవల విషయములో ఈ ప్రశ్నను చాలమంది మరచిపోవుదురు. పందెము గెలిచినదే మేలైన పడవ అని కొందరు, వేగముగా పోయినదే మేలైనదని మరికొందరు తీర్పు చెప్పుదురు. ఈ తీర్పులను పరీక్షించుటకు 1968–69లో జరిగిన గోల్డెన్ గ్లోబ్ పందెము చక్కని అవకాశము.

ఒంటరిగా, ఏ రేవులోను ఆగక, భూగోళమును చుట్టి రావలెనన్నది ఆ పందెపు నియమము. బయలుదేరిన తొమ్మిదిమందిలో గమ్యము చేరినవాడు బ్రిటిష్ నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. ఆయన పడవ ‘సుహైలీ’ మన బొంబాయిలో టేకుతో నిర్మింపబడి 1964లో నీటిలోనికి దిగినది. పొడవు సుమారు 32 అడుగులు. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాతెసియే పడవ ‘జాషువా’ ఉక్కురేకులతో చేసినది. పొడవు సుమారు 39 అడుగులు. రెండును రెండేసి తెరచాప కొయ్యలు గల బరువైన పడవలు. కనుక వీటిని పోల్చుట న్యాయమే.

మొదట వేగమును చూతము. సుహైలీ 1968 జూన్ 14న ఇంగ్లండు నుండి బయలుదేరి, 1969 జనవరి 17న దక్షిణ అమెరికా కొనయందలి హార్న్ అగ్రమును దాటినది. జాషువా ఆగస్టు 22న బయలుదేరి, ఫిబ్రవరి 5న అదే అగ్రమును దాటినది. ఒకదానికి 217 దినములు, రెండవదానికి 167 దినములు పట్టినవి. అనగా జాషువా వేగము నూటికి 30 వంతులు ఎక్కువ.

ఇందుకు కారణము పొడవేనా? పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు ముక్కు వద్ద ఒక అల, వెనుక ఒక అల లేచును. వేగము హెచ్చిన కొలది ఈ అలల నడిమి దూరము పెరిగి, చివరకు పడవ పొడవుతో సమానమగును. అటుపై పడవ తాను లేపిన అలనే గట్టువలె ఎక్కవలసి వచ్చును. బరువైన పడవకు అందుకు గాలిబలము చాలదు. నీటిమట్టము వద్ద పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34తో హెచ్చించినచో, ఈ పరిమిత వేగము నాట్లలో వచ్చును. నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. సుహైలీకి ఈ పొడవు 28 అడుగులు. కనుక దాని పరిమితి సుమారు 7 నాట్లు.

ఇప్పుడు 39ని 32తో భాగించి వర్గమూలము తీసినచో 1.10 వచ్చును. పొడవు వలన జాషువాకు లభించు లాభము నూటికి సుమారు పది మాత్రమే. మిగిలిన ఇరువది ఎక్కడిది? మ్వాతెసియే బయలుదేరుటకు ముందే బరువైన సామగ్రిని చాల వరకు దింపివేసినాడు. తేలికైన పడవ తక్కువ నీటిని తొలగించును, నిరోధము తగ్గును. సుహైలీ దక్షిణార్ధగోళపు శీతకాలములోనే అక్కడి తుపానులలో చిక్కుకొన్నది. ఆస్ట్రేలియా ప్రాంతమున దాని స్వయంచాలక చుక్కాని అమరిక పాడైనది. కాబట్టి ఆ 30 వంతుల ఘనతను అంతయు జాషువా నిర్మాణమునకే కట్టబెట్టరాదు.

రెండవ పరీక్ష దూరయాత్ర. సుహైలీ పలకల సందులలో నీరు ఊరుచుండగా, నాక్స్-జాన్‌స్టన్ అట్లాంటిక్ సముద్రములో మునిగి, సందులలో నూలు కూరి, పైన గుడ్డపట్టీ, రాగిరేకు కొట్టవలసి వచ్చినది. అతుకు పెట్టిన ఉక్కు పడవకు ఈ బాధ లేదు. దక్షిణాఫ్రికా తీరమున ఒక ఓడ తగిలి, జాషువా ముక్కున ముందుకు సాగియుండు దూలము వంగినది. మ్వాతెసియే కప్పీలతో లాగి దానిని తిన్నగా చేసుకొన్నాడు. కొయ్య దూలమైనచో విరిగియుండెడిది. ఉక్కునకు గల ఈ సాగుగుణము నడిసముద్రములో ప్రాణరక్షకము. అయితే చుక్కాని అమరిక పోయిన తరువాత కూడ, తెరచాపలను తగినట్లు సర్దినచో, సుహైలీ తనంత తాను దారి పట్టి నడచినది. పడవ పొడవున సాగిన అడుగు దూలము ఇచ్చిన వరము ఇది.

మూడవది నివాసము. జాషువాలో చోటు ఎక్కువ. మ్వాతెసియే దంపతులు 1965–66లో తాహితీ నుండి హార్న్ అగ్రము మీదుగా స్పెయిన్‌కు 14,000 నాటికల్ మైళ్ళకు పైగా అందులో ప్రయాణించిరి. కాని ఉక్కు మంచి ఉష్ణవాహకము. ఎండకు కాగును, చలికి లోపలి గోడలపై తేమ చేరును, తుప్పును ఎడతెగక గీకి రంగు వేయవలెను. టేకు ఉష్ణమును తేలికగా పోనీయదు. దానిలోని నూనె వలన త్వరగా కుళ్ళదు.

పందెము సంగతి ఏమైనది? సుహైలీ 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండు చేరి బహుమతి పొందినది. మ్వాతెసియే మార్చిలో పందెము విడిచి, తూర్పుగా సాగి తాహితీ చేరినాడు. 69 దినములు వెనుకగా బయలుదేరి, హార్న్ వద్దకు వచ్చుసరికి తేడాను 19 దినములకు తగ్గించిన పడవకు బహుమతి లేకపోయినది. బహుమతి సుహైలీ ఓర్పునకు సాక్ష్యమే గాని వేగమునకు సాక్ష్యము కాదు.

నా తీర్పు ఇది: వేగమునకు, కుటుంబ నివాసమునకు జాషువా మేలు, కొద్దిపాటి చేతి పనిముట్లతో బాగుచేసుకొనుచు పోవు ఒంటరి యాత్రికునకు సుహైలీ మేలు. ఉపాధ్యాయులు పై తేదీలను మాత్రమే విద్యార్థులకు ఇచ్చి, దినములను, నిష్పత్తులను వారిచేతనే లెక్కింపజేయవచ్చును. గెలుపునకు, గుణమునకు గల తేడా ఆ లెక్కలోనే వారికి తెలియగలదు.