మనుషులలో కనిపించే నగరం: హబీబ్ తన్వీర్ స్వీయకథలో రాయ్‌పూర్

నగరాన్ని గురించి రాయడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. రాజులు, కోటలు, యుద్ధాల వరుసలో చెప్పేది మొదటిది. వీధులలో తారసపడే వింతమనుషులు, వారి చుట్టూ అల్లుకున్న గుట్టుమట్లు, కలహాలు ఆధారంగా నగరస్వభావాన్ని పట్టుకోజూసేది రెండవది. 1993లో విలియమ్ డాల్రింపుల్ ఢిల్లీపై వెలువరించిన ‘సిటీ ఆఫ్ జిన్స్’, 1994లో జాన్ బెరెంట్ అమెరికాలోని సవానాపై రాసిన గ్రంథం ఈ రెండవ మార్గానికి పేరెన్నికగన్న ఉదాహరణలు. ఆ రెండింటిలోనూ రచయిత బయటినుంచి వచ్చినవాడు. ఊరివారికి అలవాటైపోయినది అతనికి ఆశ్చర్యంగా తోస్తుంది. ఆ ఆశ్చర్యమే అతని పెట్టుబడి.

ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు అదే పనికి పూనుకుంటే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం ప్రసిద్ధ రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ స్వీయకథలో దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో 1923 సెప్టెంబరు 1న జన్మించిన తన్వీర్ తన జీవితపు చివరి సంవత్సరాలలో ఈ జ్ఞాపకాలను ఉర్దూలో రాశారు. మూడు సంపుటాలుగా రావలసిన రచనలో ఒక్కటే పూర్తయింది. 2009 జూన్ 8న ఆయన కన్నుమూశారు. మహమూద్ ఫారూఖీ చేసిన ఆంగ్లానువాదం 2013లో వెలువడింది.

రాయ్‌పూర్‌కు చరిత్ర లేకపోలేదు. కలచురుల ఏలుబడిలో ఎదిగి, భోంస్లేల చేతుల మీదుగా ఆంగ్లేయుల పాలనలోకి వచ్చిన నగరమది. కరవుకాలంలో వర్తకుని ధాన్యపు కొట్లు తెరిపించి ప్రజలకు పంచిన సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌కు 1857 డిసెంబరు 10న మరణశిక్ష అమలైనది ఇక్కడనే. తరువాత నలభై రోజులైనా గడవకముందే, 1858 జనవరి 18 రాత్రి, హనుమాన్ సింగ్ అనే సిపాయి సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను హతమార్చాడు. అతని సహచరులు పదిహేడుగురిని జనవరి 22న ఉరితీశారు. హనుమాన్ సింగ్ మాత్రం దొరకలేదు. అతడు ఎక్కడికి పోయాడన్నది ఈనాటికీ తేలని ప్రశ్న. నవలాకారునికి ఇంతకు మించిన కథావస్తువు మరేం కావాలి?

అయితే అధికార పత్రాలు నగరాన్ని తలచుకునేది కుట్ర జరిగిన రాత్రులలో మాత్రమే. పదిహేడు ప్రాణాలు పోయిన ఉదయం కాగితానికెక్కుతుంది. ఆ ఉదయం అంగడి తెరిచినవాడు, తెరవడానికి భయపడినవాడు, ఏమీ జరగనట్టు పాటపాడుకుంటూ పోయినవాడు ఎక్కడా నమోదు కారు. తన్వీర్ స్వీయకథ విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆయన దృష్టి మామూలు రోజుల రాయ్‌పూర్ మీద ఉంది. పెషావర్ నుంచి తరలివచ్చిన తండ్రి, పెద్ద కుటుంబం, అక్కచెల్లెళ్లు, మేనమామలు, ఇరుగుపొరుగు, కాళీబాడీ నాటకాలలో ఆడవేషం కట్టే అన్న: వీరందరితో కిక్కిరిసిన లోకమది.

వీరిలో విలక్షణ వ్యక్తులకు కొదవలేదు. కాని రచయిత వారిని ప్రదర్శనకు పెట్టడు. మన పల్లెటూళ్లలో ‘పిచ్చిమారాజు’ అన్న మాటకు వెక్కిరింత కంటె వాత్సల్యం ఎక్కువ. అటువంటి వాత్సల్యమే ఈ రచనలోనూ ఉంది. బయటివాడికి వింతమనిషిగా కనిపించేవాడు ఊరివాడికి చుట్టమో, ఇరుగుపొరుగో, అప్పున్నవాడో అవుతాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివిన తెలుగు పాఠకునికి ఈ తీరు కొత్త కాదు. అక్కడ గోదావరి సీమ మనుషులు తమ పలుకుబడితో సహా నడిచివచ్చినట్లే ఇక్కడ రాయ్‌పూర్ మనుషులు నడిచివస్తారు.

ఈ చూపు వృద్ధాప్యంలో కొత్తగా అబ్బినది కాదు. 1954లో ఢిల్లీలో తన్వీర్ రూపొందించిన ‘ఆగ్రా బజార్’ నాటకానికి ప్రేరణ 18వ శతాబ్దపు కవి నజీర్ అక్బరాబాదీ. పండితుల చరిత్రలు ఈ కవిని చాలాకాలం లెక్కచేయలేదు. అందుచేత తన్వీర్ కవిని అసలు రంగస్థలం మీదికే తీసుకురాలేదు. దోసకాయలు అమ్ముడుపోని ఒక బేరగాడు వాటిమీద పద్యం రాసిపెట్టమని కనిపించిన కవులనల్లా ప్రాధేయపడతాడు. చివరకు నజీర్ దగ్గరనుంచి తెచ్చుకున్న పద్యం పాడి సరుకు అమ్ముకుంటాడు. పుస్తకాల అంగడిలోని పండితులకు పట్టని కవి గాలిపటాల అంగడిలో, ఫకీర్ల గొంతులో బతికే ఉంటాడు. కవి కనిపించడు, అతని నగరం కనిపిస్తుంది. ఉర్దూ సాహిత్యంలో ‘షహర్ ఆశోబ్’ అనే ప్రక్రియ ఉంది. నగరం చెడినప్పుడు దాని వృత్తులవారిని ఒక్కొక్కరినే పేర్కొంటూ వాపోయే కవిత అది. తన్వీర్ స్వీయకథను వచనంలో రాసిన షహర్ ఆశోబ్‌గా చదవవచ్చు. అయితే ఇందులో రోదనకంటె ముచ్చట ఎక్కువ.

మరొక నిదర్శనం 1958 నాటిది. విదేశాలలో నాటకవిద్య అభ్యసించి తిరిగివచ్చిన తన్వీర్ రాయ్‌పూర్‌లో, తాను చదువుకున్న హైస్కూలు మైదానంలోనే, రాత్రంతా సాగిన ‘నాచా’ ప్రదర్శన చూశారు. మన వీధిభాగోతం వలె తెల్లవారేదాకా నడిచే ఛత్తీస్‌గఢీ జానపద నాటకమది. అక్కడి కళాకారులు ఆరుగురిని ఆయన ఢిల్లీకి వెంటబెట్టుకుని వెళ్లి ‘మిట్టీ కీ గాడీ’లో నటింపజేశారు. దాని మూలం శూద్రకుని ‘మృచ్ఛకటికం’. జూదరులు, దొంగలు, సన్యాసిగా మారిన సంవాహకుడు, రాజును కూలదోసే కుట్ర: ఉజ్జయినీ నగరాన్ని వింతమనుషుల ద్వారా, రహస్య మంత్రాంగాల ద్వారా చూపిన సంస్కృత నాటకం ఇదే కదా! ఉజ్జయిని వీధిని ఛత్తీస్‌గఢ్ పల్లెనటులకు అప్పగించడం దర్శకుని చమత్కారం మాత్రమే కాదు. పెంచిన ఊరి రుణం తీర్చుకోవడం కూడా. 1973లో రాయ్‌పూర్‌లో నిర్వహించిన నాచా శిక్షణ శిబిరం తరువాత ఆ నటులు తమ మాతృభాషలోనే పూర్తి స్వేచ్ఛతో పలికారు. 1975లో వచ్చిన ‘చరణ్‌దాస్ చోర్’ ఆ మార్గంలోని పండు. సత్యం పలుకుతానన్న మాటకు కట్టుబడి ప్రాణం విడిచే దొంగకంటె విచిత్రమైన పౌరుడు మరెవరుంటారు?

గ్రంథంలో లోపాలు లేవని కాదు. కాలక్రమం తరచు చెదిరిపోతుంది. ఒక జ్ఞాపకం మరొకదాన్ని లాక్కువస్తుంది. పేర్లు, బంధుత్వాలు గుంపులుగా వచ్చిపడి పాఠకుణ్ణి తికమకపెడతాయి. చరిత్రకారుడు దీనిని సాక్ష్యంగా వాడుకోవాలంటే ప్రతి తేదీనీ వేరేచోట సరిచూసుకోవలసిందే. పైగా ఆప్యాయతతో రాసిన చోట కఠినవాస్తవం మెత్తబడే ప్రమాదం ఉండనే ఉంది. ముచ్చటైన మనిషి తన ఇంటివారికి ఎంత కష్టం తెచ్చిపెట్టాడో ముచ్చట చెప్పేవాడు ఎప్పుడూ చెప్పడు. బయటివాడి నిర్దాక్షిణ్యమైన చూపుకు ఈ విషయంలో ఒక ప్రయోజనం ఉన్నదని ఒప్పుకోవాలి.

అయినప్పటికీ ఈ స్వీయకథ చేసిన పని మరెవరూ చేయలేనిది. 2000 నవంబరు 1న రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. రాజధాని అయిన ఊరికి విగ్రహాలు వస్తాయి, వెడల్పైన రోడ్లు వస్తాయి, అధికారిక చరిత్ర వస్తుంది. నారాయణ్ సింగ్, హనుమాన్ సింగ్ వంటి వీరులకు ఆ చరిత్రలో స్థానం దక్కడం న్యాయమే. అయితే వీరులు ఎవరికోసం ప్రాణాలిచ్చారో ఆ మనుషులకూ ఎక్కడో ఒక చోటు కావాలి. ఆ చోటును పూర్తికాని రచనలోని ఒక్క సంపుటంలో ఒక వృద్ధ నటుడు కేటాయించాడు. విజయనగరానికి, రాజమహేంద్రవరానికి, ఓరుగల్లుకు కూడా తమ వింతమనుషులు ఉన్నారు. వారిని ఎరిగిన పెద్దలు రాయడానికి పూనుకోకపోతే, వారిని గురించి మిగిలేది బయటివాడి ఆశ్చర్యమే.