ఓడెక్కేదాకా సరకు ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే నాకు తెలిసిన కుర్రాడు ఈ వారం తన ఎగుమతి ఒప్పందం చూపించాడు. పోర్ట్ క్లాంగ్‌కి ఒక కంటైనర్ ఎండుమిర్చి. కిలోకి రూపాయి కోసం మలేసియా పార్టీతో రోజుల తరబడి బేరమాడాడట. తేమ శాతం, తొడిమలు తీయాలా వద్దా, సంచికి ఎన్ని కిలోలు, అన్నీ రాసుకున్నారు. సరకు బాధ్యత ఎక్కడ చేతులు మారుతుందనే చోట మాత్రం ఎవరిదో పాత కాగితంలోంచి ఎత్తి రాసిన ‘ఎఫ్‌ఓబీ చెన్నై’. నాకు ఒళ్లు మండింది. ధర కంటే ముందు షరతు చూడండని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు.

సరకు ఓడలోకి చేరేదాకా బాధ్యత అమ్మినవాడిదనే ఎఫ్‌ఓబీ మీద నాకు కోపం లేదు. దాని అందం కాకినాడలో చూశాను. అక్కడి యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు గట్టుకి రావు, దూరంగా లంగరేసి నిలబడతాయి. బియ్యం బస్తాలు బార్జీల్లో వాటి దగ్గరికి వెళ్తాయి. తెలిసిన ఎగుమతిదారుతో నేనూ ఒకసారి బార్జీ ఎక్కాను. క్రేన్ వల దించింది. కూలీలు బస్తాలు పేర్చారు. వల పైకి లేస్తుంటే చినిగిన బస్తాలోంచి బియ్యం సన్నటి ధారగా నీళ్లలోకి కారింది. ఆయన కళ్లు ఆ వల మీదే. మబ్బు కమ్మగానే టార్పాలిన్ కప్పమని కేకలు వేశాడు. ఆ వల ఓడలో దిగేదాకా బియ్యం బాగోగులు ఆయనవి, దిగాక కొన్నవాడివి. ఒకప్పుడు ఓడ అంచు దాటితే చాలనేవారు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936 నుంచి వెలువరిస్తున్న ఇన్‌కోటెర్మ్స్ నిబంధనల్లో, 2010 కూర్పు ఆ అంచు లెక్కను తీసేసింది. సరకు ఓడలోకి చేరాలంది. కాకినాడలో ఆ షరతు చక్కగా అమరుతుంది. అమ్మినవాడు పక్కనే ఉన్నాడు, చూస్తున్నాడు, వానొస్తే కప్పించగలడు.

మిర్చి కంటైనర్‌కి ఆ వీలేది? సీలు పడ్డాక లోపల ఏం జరుగుతోందో మనవాడికి కనపడదు. చెన్నై టెర్మినల్‌లో ఓడ కోసం ఎన్నాళ్లు పడుంటుందో అతని చేతిలో లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి చెన్నై మునిగిందే, అలాంటి రోజున టెర్మినల్‌లోని కంటైనర్‌లోకి నీళ్లొస్తే నష్టం అమ్మినవాడిదే. ఎఫ్‌సీఏ అని రాసుకుంటే, కొన్నవాడు కుదిర్చిన రవాణాదారుకి అప్పగించగానే ఆ భయం తీరేది. కంటైనర్‌కి ఎఫ్‌ఓబీ తగదు, ఎఫ్‌సీఏ వాడండని నిబంధనల వివరణలోనే ఉంది.

బాధ్యత మరీ నెత్తికెత్తుకుంటే ఏమవుతుందో రొయ్యల ఎగుమతిదారులు చెబుతారు. అమెరికాకి డీడీపీ మీద పంపితే అక్కడి సుంకం కూడా అమ్మినవాడే కట్టాలి. 2025 ఆగస్టు 27న ఆ దేశం మన సరకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. పాత ధరకి మాటిచ్చినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

ఇంత చెప్పాక, ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మేలని సలహా ఇస్తాననుకుంటారు. నేను ఆ కుర్రాడికి చెప్పింది వేరు. ఎఫ్‌ఓబీలోనూ ఎఫ్‌సీఏలోనూ ఓడ మాట్లాడేది కొన్నవాడు, రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వార్డరు అతని మనిషి. డబ్బు అందకముందే సరకు విడుదలై, ఎవరిని అడగాలో తెలియక తిరిగిన ఎగుమతిదారులను నేనెరుగుదును. ఫ్రైట్, అంటే రవాణా చార్జీ, కట్టేవాడి మాటే రవాణాదారు వింటాడు. అందుకని ఫ్రైట్ నువ్వే కట్టు, బీమా నువ్వే చేయించు, రెండూ ధరలో కలుపుకో, సీఐపీ రాయి అన్నాను.

“మధ్యలో సరకు పాడైతే నాకే కదా బాబాయ్?”

కాదు. సీఐపీలో పోర్ట్ క్లాంగ్ దాకా ఖర్చు అమ్మినవాడిది, నష్టభయం మాత్రం మొదటి రవాణాదారుకి అప్పగించగానే కొన్నవాడిది. అతనికీ అన్యాయం లేదు. వేరేగా రాసుకోకపోతే, 2020 కూర్పు ప్రకారం సీఐపీకి విస్తృతమైన బీమా, ఒప్పంద ధరకి కనీసం 110 శాతం మేరకు చేయించాలి. ఓడ రవాణాకే వాడే సీఐఎఫ్ షరతుకైతే కనీస బీమాతో సరిపెట్టవచ్చు.

ఫ్రైట్ పెరిగితేనో అన్నాడు. కోట్ చేసిన ధరకి గడువు పెట్టమన్నాను. ఒప్పందంలో రెండు ఊళ్ల పేర్లూ ఉండాలన్నాను: సరకు చేరాల్సిన పోర్ట్ క్లాంగ్, రవాణాదారుకి అప్పగించే గుంటూరు. గుంటూరు పేరు అతని కాగితంలో ఎక్కడా లేదు. సంతకం ఆపి, ముందు ఫార్వార్డర్ల దగ్గర రేట్లు కనుక్కుంటానని వెళ్లాడు.