పుండు పేరు మనది, మలాము పేరు ఎవరిది?

మాండలిక పదజాలం అనగానే మీకు వ్యవసాయ పదాలో, చేనేత పదాలో గుర్తుకు రావచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయానిది, ఆ తరువాతది చేనేతది. ఈ పాఠంలో మనం అంత ముచ్చటగా లేని రంగంలోకి వెళదాం. ఒంటి మీద లేచే పుండ్లు, పొక్కులు, మచ్చల పేర్లను పరిశీలిద్దాం.

ఇందుకు ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు తగిన చోటు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిషువారికి వదులుకున్నాడు. అప్పటినుంచి గోదావరికి ఒక ఒడ్డున నిజాం పాలన, మరో ఒడ్డున కంపెనీ వారసుల పాలన. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. నిజాం పాలన ఉన్నంతకాలం రెండు ఒడ్ల కచేరీ భాషలు వేరు. ఒక వైపు కాగితాల మీద దవాఖానా, మరో వైపు ఆసుపత్రి. దవా అరబ్బీ, ఖానా పారశీకం. ఆసుపత్రి ఐరోపా నుంచి వచ్చిన హాస్పిటల్ కు తెలుగు నోరు చేసిన మార్పు. చివరన ‘పత్రి’ చేరడంతో ఆకులతో చేసే వైద్యమేదో అందులో ఉన్నట్టు వినిపిస్తుంది!

ఇప్పుడు ఒక విషయం గమనించండి. గజ్జి, తామర, చిడుము, పొక్కు, కురుపు, సెగగడ్డ, పులిపిరి, బొల్లి: ఈ పేర్లలో ఒక్కటీ అరబ్బీది కాదు. నిజాం రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్నా, కుష్ఠుకు ‘జుజాం’, బొల్లికి ‘బరస్’ అనే అరబ్బీ పేర్లు తెలుగు ఇళ్లలోకి రాలేదు. వచ్చినవి వేరు. వైద్యం చేసే మనిషి హకీం, వైద్యం దొరికే చోటు దవాఖానా, పుండుకు రాసేది మలాము. హకీం అంటే అరబ్బీలో జ్ఞాని. మలాము అరబ్బీ ‘మర్‌హమ్’ నుంచి, హిందుస్తానీ ‘మల్‌హమ్’ మీదుగా వచ్చింది. ఆ అరబ్బీ మాటకు మూలం గ్రీకులో ఉందని పండితుల అభిప్రాయం. హకీంల వైద్యాన్ని యునానీ అంటారు కదా, ఆ మాటకు అర్థమే ‘గ్రీకుల’ది. రోగం ఒంటిలో పుట్టేది కనుక దాని పేరు ఇంట్లోనే ఉంది. మందు బయటినుంచి వస్తుంది కనుక తన పేరును వెంట తెచ్చుకుంది. నాకు తోచిన కారణం ఇది.

ఈ అరువు మాటలకు మన వ్యాకరణం ఏ చోటు ఇచ్చింది? చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగు పదాలు నాలుగు రకాలు: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. మలాముకు అందులో గది లేదు. సి.పి. బ్రౌన్ మరికొంత ఉదారుడు. అయినా అన్యదేశ్యాలకు 1854లో విడిగా ఒక నిఘంటువు వేశాడు. అది వాడుకదారుకు మేలే చేసింది. కానీ పుండు ఒక పుస్తకంలో, దాని మందు మరో పుస్తకంలో ఉండే విభజన మాట్లాడేవారి మనసులో లేదు.

మన నిఘంటువుల మీద నా పెద్ద ఫిర్యాదు ఇది కాదు. చాలాచోట్ల గజ్జికి అర్థం ‘ఒక చర్మరోగం’, తామరకు ‘ఒక చర్మరోగం’, చిడుముకూ అదే. వాడేవారికి మాత్రం తేడా బాగా తెలుసు. గజ్జి వేళ్ల సందుల్లో మొదలై రాత్రిపూట నిద్ర పట్టనివ్వదు. కంటికి ఆనని పురుగు చర్మాన్ని తొలుచుకుపోవడం అందుకు కారణం. తామర గుండ్రంగా, అంచు లేచి పాకుతుంది. అది బూజు జాతిది. తమిళంలో దాన్ని ‘పడర్ తామరై’, అంటే పాకే తామర, అంటారు. ఇంగ్లీషువాడికి అదే ఉంగరంలో పురుగు కనబడింది, మనవాళ్లకు పువ్వు కనబడింది. ఇంత చూపు ఉన్న మాటను ‘ఒక చర్మరోగం’ అని తేల్చేయడం నిఘంటుకారుడి బద్ధకం.

బద్ధకం వల్ల పాఠకుడికి నష్టం కొంతే. సంస్కృత గౌరవం వల్ల రోగికి జరిగే నష్టం ఎక్కువ. ఆయుర్వేదంలో ‘కుష్ఠం’ ఒక్క రోగం కాదు, పద్దెనిమిది రకాల చర్మరోగాల ఉమ్మడి పేరు. నేటి తెలుగులో కుష్ఠు అంటే ఒకటే: 1873లో హాన్సెన్ గుర్తించిన సూక్ష్మజీవి వల్ల వచ్చేది. ఈ తేడాను పట్టించుకోకుండా బొల్లిని కొందరు ‘శ్వేతకుష్ఠు’ అని రాస్తారు. బొల్లి అంటదు. అది కుష్ఠు కాదు. కానీ ఆ పెద్ద మాట పడ్డాక ఆ ఇంటి పిల్లకు సంబంధం చూడటానికి ఎవరు వస్తారు? దేశ్యమైన ‘బొల్లి’ ఇక్కడ శాస్త్రానికి దగ్గరగా ఉంది, తత్సమం దూరంగా ఉంది. కుష్ఠు అన్న మాటకు 2019 దాకా చట్టంలోనే అంత బలం ఉండేది. ఆ రోగాన్ని విడాకుల కారణాల నుంచి పార్లమెంటు ఆ ఏడాదే తొలగించింది.

ఆరోగ్య ప్రచారం ‘స్పర్శ లేని మచ్చ’ అంటుంది. ‘కుష్ఠు ఉందా?’ అని అడగడం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే రోగం పేరెత్తకుండా లక్షణం అడుగుతుంది. కానీ అడవి అంచు గూడెంలో, ఇంట్లో కోయ మాట్లాడే ముసలమ్మకు ‘స్పర్శ’ ఏం చెబుతుంది? ‘గిల్లితే తెలియని మచ్చ’ అంటే తెలుగువారికైనా చప్పున అర్థమవుతుంది. అదే ప్రశ్న కోయలో ఉంటే ఇంకా మంచిది. రోగం మొదట్లోనే దొరికితే మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే వేళ్లు పోతాయి. ఒక మాట ఎంపిక మీద ఇంత ఆధారపడి ఉంది.

అభ్యాసం: మీ ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లను అడిగి పది చర్మరోగాల పేర్లు సేకరించండి. ప్రతి పేరు పక్కన ‘ఒక చర్మరోగం’ అని రాయకుండా, అది ఒంటి మీద ఎక్కడ, ఎలా కనబడుతుందో వారి మాటల్లోనే రాయండి. తిట్టుగా మారిన పేర్లుంటే (‘కులగజ్జి’ వంటివి) వాటికి గుర్తు పెట్టండి. అడిగేటప్పుడు ఎవరి ఒంటినీ వేలెత్తి చూపవద్దు.