‘రక్తమును పలుచన చేయు మందు’: ఒక తప్పు పేరు

కాలి లోతుసిరలో రక్తము గడ్డకట్టినదని తేలిన రోగికి మాత్రలు వ్రాసియిచ్చి, “ఇవి రక్తమును పలుచన చేయును” అని చెప్పుట ఆచారమైపోయినది. ఇంగ్లీషు వాడుకనుండి దిగుమతియైన ఈ మాట మందుల దుకాణములలోను, ఆసుపత్రులలో పంచు కరపత్రములలోను, పత్రికల ఆరోగ్యశీర్షికలలోను స్థిరపడినది. మాట సులభముగనే యున్నది. కాని అది నిజము కాదు. పైగా తెలుగువాని చెవికి అది అపాయకరమైన అర్థమునే యిచ్చుచున్నది.

రక్తపు చిక్కదనము ముఖ్యముగా అందలి ఎర్రకణముల పాలునుబట్టి యుండును. ఈ మందులు ఆ జోలికి పోవు. వార్ఫరిన్ చేయు పని వేరు. గడ్డకట్టుటకు కావలసిన ప్రోటీనులలో నాలుగింటిని (2, 7, 9, 10 సంఖ్యలు గలవానిని) కాలేయము కె విటమిను సాయముతో సిద్ధము చేయును. వాడిన కె విటమిను మరల పనికి వచ్చుటను వార్ఫరిన్ అడ్డగించును. అందువలన ఆ ప్రోటీనులు అసంపూర్ణముగా తయారై పనిచేయజాలవు. అంతకుముందే రక్తములో తిరుగుచున్నవి మాత్రము అరిగిపోవువరకు ఉండును. ప్రోత్రాంబిను సగమగుటకే సుమారు 60 గంటలు పట్టును. కనుకనే వార్ఫరిన్ మొదలుపెట్టిన తొలి దినములలో హెపారిన్ ఇంజెక్షనులు కూడ ఇత్తురు. మజ్జిగలో నీళ్లు పోసినట్టి పనియే ఐనచో ఇన్ని రోజులు ఏల పట్టవలెను?

ఈ మందు పుట్టుకయే పై పేరును ఖండించుచున్నది. 1920 ప్రాంతములలో కెనడాలోను, అమెరికాలోని ఉత్తర డకోటాలోను బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయమునకే నెత్తురోడి చచ్చినవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకడు గడ్డకట్టని రక్తమును పాలక్యానులో పోసికొని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చెను. ఆ క్యానులోనిది పలుచబడిన రక్తము కాదు, పేరుకొనుట మరచిన రక్తము. దానిని శోధింపగా 1939లో డైకుమరాల్ వేరుచేయబడినది; దాని జాతిదే వార్ఫరిన్. 1948లో అది ఎలుకల మందుగా అమ్మకమునకు వచ్చి, 1954లో మనుష్యులకు మందైనది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన ఐసెన్‌హోవర్‌కు కూడ దానినే ఇచ్చిరి.

పేరు తప్పైన నేమి, మందు పనిచేయుచున్నదికదా యనవచ్చును. మందు పనిచేయుట రోగి నడవడిపై ఆధారపడినది. ఆ నడవడి అతడు విన్న మాటపై ఆధారపడినది. మనలో పలుచన యనగా తక్కువదనము. నలుగురిలో పరువు పోయినవానిని గూర్చి పలుచనైనాడందుము. రక్తము పలుచనగుచున్నదని విన్నవాడు తనకున్న నీరసమునంతయు మాత్రపైకి నెట్టి దానిని మానివేయుట వింత కాదు. వేరొకడు, పలుచన చేయుటయే పనియైనచో నీరెక్కువ త్రాగిన చాలదా యనుకొనును. అంతకంటె కీడేమనగా, ఆస్పిరిన్‌కు కూడ జనములో ఇదే పేరున్నది. ఆస్పిరిన్ రక్తఫలకికలపై పనిచేయును, త్రోవ వేరు. రెండును డాక్టరు చెప్పకయే కలిసినచో రక్తస్రావపు ముప్పు పెరుగును. మోకాలినొప్పికి దుకాణములో అడిగి తెచ్చుకొను డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ కూడ అట్టివే.

“గడ్డను కరిగించు మందు” అను మరియొక వాడుక కలదు. ఇదియు పొరపాటే. ఉన్న గడ్డను క్రమముగా కరిగించునది శరీరములోని ప్లాస్మిను. మందు ఆ గడ్డ పెరుగకుండను, క్రొత్తది పుట్టకుండను చూచును. కరిగించు మందులు వేరుగా నున్నవి, వానిని ఆసుపత్రిలోనే ఇత్తురు. ఈ తేడా తెలియనివాడు మూడు వారములకు కాలివాపు తీయగానే గడ్డ కరిగినదని మాత్రలు ఆపును. సాధారణముగా కనీసము మూడు నెలలు వాడవలసియుండును. మధ్యలో ఆపినచో క్రొత్త గడ్డ పుట్టి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును.

పండితులు కల్పించిన ‘ప్రతిస్కందకము’ శాస్త్రదృష్ట్యా నిర్దుష్టము. కాని పల్లెటూరి అత్తగారికి అది మంత్రమువలె వినబడును. “గడ్డకట్టుటను నెమ్మది చేయు మందు” అన్న ఏమి లోటు? కొంచెము పొడవే, కాని నెమ్మది యను మాటలోనే హద్దు కూడ ఉన్నది. ఆ హద్దును కొలుచుటకే ఐ.ఎన్.ఆర్. పరీక్ష యున్నది. మందు వాడనివానికి అది సుమారు 1 ఉండును. సిరలో గడ్డకు వార్ఫరిన్ వాడువానికి సామాన్యముగా 2-3 మధ్య ఉండవలెను. తగ్గిన గడ్డ, హెచ్చిన రక్తస్రావము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1983లో ఈ కొలతను ప్రమాణీకరింపకముందు ఒక ప్రయోగశాల లెక్క మరొకదానికి సరిపోయెడిది కాదు.

కరపత్రములలోని “ఆకుకూరలు తినరాదు” అను వాక్యము కూడ విమర్శింపదగినదే. తోటకూర, పాలకూర, మునగాకులలో కె విటమిను మెండు, నిజమే. ఐతే కావలసినది నిషేధము కాదు, నిలకడ. వారమునకు మూడుసార్లు తినువాడు అట్లే తినుచుండిన డాక్టరు మోతాదును దానికి తగినట్లు సరిచేయును. అలవాటున్నవాడు ఒక్కసారి మానినచో ఐ.ఎన్.ఆర్. పైకి పోవచ్చును, మానినవాడు పెండ్లివిందులో కడుపునిండ తిన్నచో క్రిందికి దిగవచ్చును. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి క్రొత్తమందులు కె విటమిను త్రోవలో పనిచేయనే చేయవు. వానిని వాడువారిచేతికి కూడ పాత కరపత్రమునే ఇచ్చి తోటకూర మాన్పించుట అన్యాయము.

ఆ క్రొత్తమందుల వారికి చెప్పవలసిన మాట వేరు. వానికి తరచు ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు, మూత్రపిండముల పనిని మాత్రము అప్పుడప్పుడు చూపించుకొనవలెను. వార్ఫరిన్ ప్రభావము మానిన తరువాత కూడ కొన్నిదినములు నిలుచును. ఇవి ఒకనాడు మానినంతనే రక్షణ చాలవరకు సడలును. పన్ను పీకించుకొనబోవువాడు గాని, కండలో సూది వేయించుకొనబోవువాడు గాని ఈ మాత్ర సంగతి ముందే చెప్పవలెను. తనంతట తాను ఆపరాదు. మలము నల్లగా తారువలె వచ్చినను, తలకు గట్టిదెబ్బ తగిలినను, పైకి గాయము లేకున్నను, ఆనాడే ఆసుపత్రికి పోవలెను.