దాచడమేనా ప్రేమ?

మన సినిమాల్లో హీరోకి కేన్సర్ వచ్చిందంటే ప్రేక్షకుడికి ఒక సంగతి ముందే తెలిసిపోతుంది. అతను ఎవరికీ చెప్పడు. రిపోర్టు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి నవ్వుతాడు. మనం హాల్లో కూర్చుని ఏడుస్తాం.

1981లో వచ్చిన దాసరి నారాయణరావు 'ప్రేమాభిషేకం' ఈ కథకి పెద్ద బాలశిక్ష. తనకి కేన్సరని తెలియగానే అక్కినేని నాగేశ్వరరావు పాత్ర చెడిపోయినవాడిలా నటిస్తుంది. ప్రేమించిన అమ్మాయికి తన మీద అసహ్యం పుట్టించి, ఆమె మరొకరిని చేసుకునేలా చేస్తుంది. 1989 నాటి మణిరత్నం 'గీతాంజలి'లో కుర్రవాడు ఇంట్లోవాళ్ళ ఏడుపు మొహాలు చూడలేక ఊటీ వెళ్ళిపోతాడు. 1993లో వచ్చిన 'మాతృదేవోభవ'లో భర్త పోయి, తనకి బ్లడ్ కేన్సరని తెలిసిన తల్లి, బతికున్న రోజుల్లోనే పిల్లల్ని తలా ఒక ఇంటికి అప్పగించేస్తుంది. మూడూ మన జనం నెత్తిన పెట్టుకున్న సినిమాలే. మూడింటికీ నేనూ కొంగు తడుపుకున్నాను.

కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. జబ్బుపడ్డ మనిషి చుట్టూ ఇల్లుండదు. ఉంటే దాన్నుంచి దాక్కుంటాడు, లేదా పారిపోతాడు. కాదంటే ఆ ఇంటినే ముక్కలుగా పంచిపెట్టేస్తాడు. పథ్యం వండేవాళ్ళు, రాత్రి రెండింటికి బకెట్టు పట్టుకునేవాళ్ళు, ఆసుపత్రి బిల్లుల గురించి ఫోన్లో పోట్లాడేవాళ్ళు ఈ కథల్లో కనిపించరు. ఎంత ప్రేముంటే అంత బాగా దాచాలన్నది మనకి ఈ కథలు నేర్పిన నీతి.

చిత్రమేమిటంటే, ఆ నీతిని తెర మీద అంత గొప్పగా చూపించిన నటుడే జీవితంలో దాన్ని పక్కన పెట్టేశాడు. 2013 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, అక్కినేని పత్రికలవాళ్ళని పిలిచి తనకి కేన్సరని తనే చెప్పారు. కొడుకుతో, మనవళ్ళతో కలిసి 'మనం'లో నటించారు, తన పాత్రకి తనే డబ్బింగ్ చెప్పుకున్నారు. 2014 జనవరిలో కన్నుమూశారు. ఆయన ముప్ఫై ఆరేళ్ళవాడు కాదు, నిండు జీవితం చూసిన మనిషి, నిజమే. అయినా మన సినిమా కథకులు 'ప్రేమాభిషేకం' నుంచి నేర్చుకున్నంత ఆ పత్రికా సమావేశం నుంచి నేర్చుకున్నట్టు కనబడదు.

కథకుల్ని అనడం సులువు. మా ఇంట్లో మేం చేసిందీ అదే.

'ప్రేమాభిషేకం' వచ్చిన ఏడే మా తమ్ముడు పుట్టాడు. 2017 నవంబరులో, వాడికి ముప్ఫై ఆరేళ్ళప్పుడు, పెద్దపేగు కేన్సరని తేలింది. అప్పటికే కాలేయానికి పాకింది, నాలుగో దశ. అంతకు ముందు ఎనిమిది నెలలుగా రక్తం పడుతుంటే, ఈ వయసులో మొలలే అయ్యుంటాయని చూసిన డాక్టరూ అన్నాడు, మేమూ అనుకున్నాం. వాడు డాలస్‌లో, నేను ఒహాయోలో, అమ్మ ఒక్కతే తెనాలిలో. ఫోన్లో అరగంట మాట్లాడుకుని అక్కాతమ్ముళ్ళం తీసుకున్న మొదటి నిర్ణయం ఏ ఆసుపత్రికి వెళ్ళాలన్నది కాదు, అమ్మకి చెప్పకూడదన్నది. ఆవిడకి బీపీ, ఒంటరిగా ఉంటుంది, తట్టుకోలేదు. మాకు ఎవరూ నేర్పలేదు, మాటలు వాటంతటవే వచ్చాయి.

ఆ రోజుల్లోనే వాడు పాల్ కళానిధి పుస్తకం 'వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్' చదివి నాకిచ్చాడు. ఈ పుస్తకం గురించి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. కళానిధి తల్లిదండ్రులు మనవైపు నుంచి అమెరికా వచ్చినవాళ్ళు. తండ్రి క్రైస్తవుడు, తల్లి హిందువు, ఇద్దరి ఇళ్ళలోనూ ఒప్పుకోని పెళ్ళి. అరిజోనాలో కింగ్‌మన్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన పాల్ మొదట సాహిత్యం, తర్వాత వైద్యం చదివాడు. స్టాన్‌ఫర్డ్‌లో న్యూరోసర్జరీ శిక్షణ ముగింపుకి వస్తుండగా, 2013లో, ఊపిరితిత్తుల కేన్సర్ నాలుగో దశ అని తెలిసింది. 2015 మార్చిలో, ముప్ఫై ఏడేళ్ళకి పోయాడు. పుస్తకం 2016 జనవరిలో వచ్చింది, లక్షలమంది చదివారు.

అందరూ మెచ్చుకునేది అతని వచనాన్ని, చివర్లో పసిపాపనుద్దేశించి రాసిన మాటల్ని. అవి మెచ్చుకోదగ్గవే. మా తమ్ముడు మాత్రం పుస్తకం మొదట్లోనే, ముందుమాట కథలో, పెన్సిలుతో ఒక పేజీ పక్కన నిలువుగీత గీశాడు. అప్పటికి రిపోర్టులు ఇంకా రాలేదు. నడుంనొప్పి, బరువు తగ్గడం చూసి డాక్టరైన పాల్‌కి అనుమానం వచ్చింది. భార్య లూసీ కూడా డాక్టరే. ఆమెకి చెప్పలేదు. ముప్ఫై, నలభై ఏళ్ళ మధ్యవాళ్ళకి వచ్చే కేన్సర్ల గురించి అతను ఫోన్లో వెతికినట్టు ఆమె కంటపడింది. ఆమెని కుంగదీసింది జబ్బు భయం ఒక్కటే కాదు, తనతో చెప్పుకోలేదన్న బాధ. కలిసి వెళ్ళాల్సిన ప్రయాణం మానేసి ఆమె ఇంట్లో ఉండిపోయింది. పెళ్ళే నిలుస్తుందో లేదో అన్న స్థితి వచ్చింది.

నా దృష్టిలో పుస్తకం మొత్తానికి ఆయువుపట్టు ఈ ఘట్టమే. 'ప్రేమాభిషేకం'లో దాచడం ప్రేమకి పరాకాష్ఠ. ఇక్కడ అదే దాపరికం కాపురానికి చెద. జబ్బేమిటో తెలిసి, ఇద్దరూ ఒకే ఆసుపత్రి మంచం మీద పడుకుని ఏడ్చాకే మళ్ళీ మొగుడూ పెళ్ళాలయ్యారు. కళానిధి దీన్ని నీతికథలా చెప్పడు. తన తప్పుని తప్పుగా రాసి ముందుకి వెళ్ళిపోతాడు. ఆ నిజాయితీకే పుస్తకాన్ని గౌరవించాలి.

మరో రెండు చోట్ల కూడా పుస్తకం గట్టిగా నిలబడుతుంది. ఒకటి, చూసిన కేన్సర్ డాక్టరు ఎన్నాళ్ళు బతుకుతావన్న లెక్కలోకి దిగకపోవడం. నీకు ఏది ముఖ్యమో చెప్పు, దాన్నిబట్టి వైద్యం చేద్దాం అన్నది ఆమె పద్ధతి. వాడికి చెయ్యాలా కంప్యూటరు పని, మరి చేతివేళ్ళు మొద్దుబారే మందు ఎంత ఇవ్వాలి? ఇది మా ఇంట్లోకీ వచ్చిన ప్రశ్నే. రెండోది, బిడ్డని కనాలన్న నిర్ణయం. బిడ్డుంటే వెళ్ళిపోవడం ఇంకా కష్టమవుతుంది కదా అని ఒకరు అడిగితే, కష్టమైతే మాత్రం మంచిది కాదా అని రెండోవారు అనుకోవడం. బంధాలు తెంచుకుంటే సుఖంగా పోవచ్చునన్న మన వేదాంతానికి ఇంతకంటే సూటి జవాబు నేను చదవలేదు.

ఇక నా ఫిర్యాదు. ఈ పుస్తకంలో అతని కుటుంబం ఉంది, కానీ కుటుంబం చేసే పని లేదు. అమ్మానాన్నలు వస్తారు, అన్నదమ్ములు వస్తారు. ఎవరు వండారు, ఎవరు మందుల పట్టిక రాశారు, ఎవరు సెలవు పెట్టారు అన్నది రచయిత కంటికి ఆనలేదు. అతని చూపంతా తన వృత్తి మీద, చావు అర్థం మీద. ఆ చాకిరీ మనకి కాస్త కనపడేది అతను పోయాక లూసీ రాసిన చివరి అధ్యాయంలో. ముక్కుకి తగిలించిన ఊపిరి యంత్రం, ఇక చాలన్న నిర్ణయం, మంచం మీద తండ్రి పక్కన ఎనిమిది నెలల పాప, గదినిండా మనుషులు. రాయడం పూర్తికాకుండానే పోయిన మనిషిని ఇంకా ఎందుకు రాయలేదని నిలదీయడం న్యాయం కాదని తెలుసు. అయినా నాకు లూసీ అధ్యాయమే ఎక్కువ దగ్గరైంది. రోగి పక్కన నించున్నవాళ్ళ కథ అది.

ఇంకొకటి. కళానిధి తను శిక్షణ పొందిన చోటే వైద్యం చేయించుకున్నాడు. మాత్ర పని చేసిన నెలల్లో మళ్ళీ ఆపరేషన్ థియేటర్లోకి వెళ్ళాడు, ఆ పని ప్రాణం కాబట్టి. మా తమ్ముడూ పనిలోకి వెళ్ళాడు. వాడిది హెచ్-1బి. ఉద్యోగం పోతే ఇన్సూరెన్సూ పోతుంది, వీసా కాళ్ళకిందా నేల కదులుతుంది. రెండు వారాలకోసారి కీమో ఎక్కించి, నలభై ఆరు గంటలు మందు పంపే పంపు నడుముకి కట్టి ఇంటికి పంపేవాళ్ళు. ఆ పంపుతోనే వాడు ఆఫీసు కాల్స్‌లో కూర్చునేవాడు. ఒకే పని, ఒకరికి జీవితానికి అర్థం, మరొకరికి మందు ఖర్చు. ఈ తేడా పుస్తకానికి తెలియదు.

నా సంగతీ చెప్పాలి. అమెరికాలో 1993 నాటి చట్టం ప్రకారం, అర్హత ఉన్న ఉద్యోగికి ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే పన్నెండు వారాలు జీతం లేని సెలవు దొరుకుతుంది. భర్త, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అయితేనే. తోడబుట్టినవాళ్ళు ఆ జాబితాలో లేరు. మా హెచ్ఆర్ అమ్మాయి పాపం మర్యాదగానే చెప్పింది. వాడు నా ఎదురుగా పుట్టాడు, వాడికి ఓనమాలు దిద్దించింది నేను. కాగితం మీద మాత్రం నేను ఆ కుటుంబంలో మనిషిని కాదు. ప్రవాసంలో కుటుంబం అండ అంటే ఇలాంటి గోడల మధ్య నిలబడేది. దాన్ని రాసిన పుస్తకం కోసం వెతుక్కున్నాను.

కొంతవరకు అది జూలీ యిప్-విలియమ్స్ పుస్తకంలో దొరికింది. వియత్నాంలో కంటి జబ్బుతో పుట్టి, పడవలో పారిపోయి వచ్చిన కుటుంబం బిడ్డ. లాయరైంది. ముప్ఫై ఏడేళ్ళకి పెద్దపేగు కేన్సర్, 2018లో మరణం, మరుసటేడు 'ది అన్‌వైండింగ్ ఆఫ్ ద మిరకిల్' అన్న పుస్తకం. కళానిధి అంత అందంగా రాయదు. చెప్పిందే చెబుతుంది, కొన్నిచోట్ల విసుగొస్తుంది. కానీ కోపం దాచదు. ఆరోగ్యంగా ఉన్న తల్లుల్ని చూస్తే అసూయ అంటుంది. నువ్వు గెలుస్తావు అని ఊరికే ధైర్యం చెప్పేవాళ్ళంటే మంట అంటుంది. తను పోయాక ఇద్దరు కూతుళ్ళూ, భర్తా ఎలా బతకాలో కూర్చుని ఆలోచిస్తుంది. పుట్టినప్పుడు నాయనమ్మ తనని చంపించబోయిందన్న రహస్యాన్ని ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి దాచారు. అది తెలియడం ఎంత నొప్పో, తెలిశాక ఎంత తెరిపో కూడా రాసింది. మా మరదలు ఈ పుస్తకాన్ని రెండుసార్లు చదివింది. కళానిధిని సగంలో ఆపేసింది. ఎందుకని నేను అడగలేదు.

2018 మార్చిలో ఒక రాత్రి తమ్ముడు, "అక్కా, అమ్మకి చెప్పేద్దామే" అన్నాడు. గీత గీసిన పేజీ గురించి ఏమీ అనలేదు, నేనూ అనలేదు. మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏదో ఉందని నాకు తెలుసు. నాలుగు నెలల్నుంచీ నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావు. ఎప్పుడైనా రోజూ చేశావుటే?" అంది.

అంటే మేం దాచింది ఆవిడ దుఃఖాన్ని కాదు. దుఃఖం ఆవిడ పడుతూనే ఉంది, ఒంటరిగా, దేనికో తెలియకుండా. మేం దాచింది ఆవిడ చేయగలిగిన సాయాన్ని.

వీసా ముందే ఉంది కాబట్టి మూడు వారాల్లో వచ్చింది. ఆ కీమోలో ఒక మందుకి చల్లదనం పడదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్ళల్లో సూదులు, చల్లటి నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోతుంది. నర్సు ఇచ్చిన కాగితంలో ఇది ఒక వాక్యం. అమ్మ ఆ వాక్యాన్ని ఇల్లంతా పరిచింది. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు, ఫ్రిజ్ పక్కన ఉన్ని చేతిగుడ్డలు, నోటికి ఇనప రుచి వస్తోందంటే స్టీలు చెంచాల బదులు ప్లాస్టిక్‌వి. మజ్జిగ పొయ్యి పక్కన పెట్టి చలి విరిచి ఇచ్చేది. ఆవిడ బీపీకి ఏమీ కాలేదు.

తమ్ముడు 2019 సెప్టెంబరులో పోయాడు. అప్పుడు అమ్మ పక్కనే ఉంది. మూడేళ్ళ కూతురూ అక్కడే ఉంది. ఇందులో ఓదార్పు ఉందని నేను చెప్పను. కళానిధి పుస్తకం ఎవరి చావునీ తేలిక చేయదు, మా తమ్ముడికీ చేయలేదు. వాడికి మిగిలిన ఇరవై రెండు నెలల్లో నాలుగు నెలలు అమ్మకి లేకుండా చేశామే అన్నది మాత్రం నాకూ మా మరదలికీ ఇప్పటికీ మింగుడు పడదు. దానికి బాధ్యత మాదే, సినిమాలది కాదు. కానీ మాకు వెంటనే నోటికొచ్చిన ఆ మాటలు ఎక్కడివో మాత్రం నాకు తెలుసు.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో వయసులో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు రావడం వింటూనే ఉన్నాం. పెద్దపేగు కేన్సర్ పరీక్ష మొదలుపెట్టాల్సిన వయసుని అమెరికన్ కేన్సర్ సొసైటీ 2018లో యాభై నుంచి నలభై ఐదుకి దించింది. మన రచయితలు దీని మీద కథలు రాస్తారు, రాయాలి కూడా. నేను కోరేది ఒక్కటే. రిపోర్టు జేబులో పెట్టుకుని నవ్వే హీరోని ఇక కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోనివ్వండి. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన మజ్జిగ చలి విరుస్తున్న మనిషి గురించి రాయండి. ఆవిడకి అన్నీ తెలుసు.