అనుమతి మీద నడిచే విమర్శ

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాయడానికి మల్లినాథసూరి ఎవరి అనుమతీ అడగలేదు. అడుగుదామన్నా కాళిదాసు వెయ్యేళ్ల వెనకటివాడు, అది వేరే సంగతి. ఆ వ్యాఖ్యానం ఉన్న పుస్తకం తెరిస్తే మూలశ్లోకం అక్షరం పోకుండా ఉంటుంది, దాని కింద అన్వయం, అర్థం, అలంకారం. మూలాన్ని మొత్తంగా ముందు పెట్టుకుని దానితో మాట్లాడటం మనకు పాత అలవాటే. ఒకరు వీడియోగేమ్ ఆడుతూ, ఆడేదాని గురించి మాట్లాడుతూ యూట్యూబ్‌లో పెట్టే ‘లెట్స్ ప్లే’ వీడియోలను నేను ఈ వరసలోనే చూస్తాను. చాలావాటిలో కేకలు తప్ప ఏమీ ఉండవు, నిజమే. కానీ మంచి వీడియో ఒకటి చూస్తే, ఆట మనల్ని ఎక్కడ తొందరపెడుతోందో, ఎక్కడ కావాలని ఓడిస్తోందో తెలుస్తుంది. తెలుగులో ఆటల మీద విమర్శ అంటూ నాకు కనిపించింది ఈ వీడియోల్లోనే, అచ్చులో కాదు.

అయితే ఈ వ్యాఖ్యాత బతికేది కంపెనీ ఇచ్చే అనుమతి మీద.

నింటెండో సంగతి చూడండి. 2013లో ఆ కంపెనీ తన ఆటల దృశ్యాలను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేసి, అభిమానుల వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బును తనవైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. గొడవయ్యాక 2015లో క్రియేటర్స్ ప్రోగ్రామ్ తెచ్చింది. యూట్యూబ్ వాటా పోగా మిగిలినదాంట్లో ఒక్కో వీడియోకైతే 60 శాతం, చానెల్ మొత్తం నమోదు చేస్తే 70 శాతం మీకు. చానెల్ నమోదు చేస్తే మాత్రం అందులో నింటెండో ఒప్పుకున్న ఆటలు తప్ప వేరేవి ఉండకూడదు. ఒకే ప్రచురణకర్త పుస్తకాలు మాత్రమే సమీక్షిస్తే పది శాతం ఎక్కువిస్తామని ఎవరైనా అంటే ఆ పత్రికని మనం ఏమని పిలుస్తాం?

2018 చివర్లో ఆ పథకం ఎత్తేసి మార్గదర్శకాలు ప్రకటించారు. ఇక వాటా ఇవ్వక్కర్లేదు, కానీ వీడియోలో మీ సృజన, మీ వ్యాఖ్యానం ఉండాలి. చూడ్డానికి ఉదారంగానే ఉంది. నాకు ఆసక్తి కలిగించేది ఆ షరతే. ఏది వ్యాఖ్యానమో, ఏది ఉత్త నకలో మూలం అమ్ముకునేవాడే తేలుస్తాడన్నమాట. నోరు మెదపకుండా ఒక కష్టమైన ఘట్టాన్ని ఎవరూ ఊహించని దారిలో దాటేసినవాడు ఆ ఆట గురించి ఏమీ చెప్పనట్టేనా?

ఇంతకీ కంటెంట్ ఐడీకి ఇవేవీ పట్టవు. అది మన వృత్తివాళ్లు రాసిన ప్రోగ్రామ్. హక్కుదారు ఇచ్చిన ఫైలు ముద్రని మీ వీడియోతో పోల్చి చూస్తుంది. సరిపోలిందా, వీడియోని ఆపాలా, ప్రకటనల డబ్బు తీసుకోవాలా, ఊరికే లెక్క చూసుకోవాలా అన్నది హక్కుదారు ఇష్టం. మీరు ఆ సంగీతాన్ని మెచ్చుకుంటున్నారో ఏకిపారేస్తున్నారో దానికి తెలీదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకీ సమీక్షకీ మినహాయింపు ఇస్తుంది. ఆ వాదన వినిపించాల్సింది కోర్టులో. నెలకి నాలుగు వేలు సంపాదించే చానెల్ కోర్టుదాకా వెళ్తుందా?

కంపెనీల భయం ఉత్తుత్తిదని మాత్రం అనను. 2017లో ‘పెర్సోనా 5’ని పాశ్చాత్య దేశాల్లో విడుదల చేసినప్పుడు, ఆటలోని క్యాలెండర్‌లో జూలై 7 దాటాక స్ట్రీమ్ చేస్తే మీ ఖాతాకే ముప్పని అట్లస్ బెదిరించింది. నెల తిరక్కముందే ఆ మాట తీరుకి క్షమాపణ చెప్పి, హద్దుని నవంబర్ 19కి జరిపింది. బెదిరింపు మోటుగా ఉంది గానీ, కథ మీద నిలబడ్డ ఆటకి ముగింపు బయటపడటం నష్టమే.

ఆ నష్టం గురించి నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టింది ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ కథ. ర్యాన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్ క్యాన్సర్‌తో అయిదేళ్లకే చనిపోయాడు. వాడితో గడిపిన రోజుల్ని చిన్న బృందంతో కలిసి ఆటగా చేసి 2016 జనవరిలో విడుదల చేశారు. రెండు గంటల్లో అయిపోయే ఆట. ఆడేవాడు మార్చగలిగేది తక్కువ, ఎందుకంటే ఆ తల్లిదండ్రులూ ఏమీ మార్చలేకపోయారు. ఆట బలం అందులోనే ఉంది, ఆర్థికంగా దెబ్బ తిన్నదీ అక్కడే. ఒకసారి వీడియోలో చూశాక కొనుక్కోవడానికి చాలామందికి కారణం మిగల్లేదు. అమ్మకాల నుంచి తమ చేతికి ఇంకా ఒక్క డాలరూ రాలేదని రెండు నెలల తర్వాత ర్యాన్ గ్రీన్ రాశాడు. ఆ ఆట ఆడుతూ తమ సొంత దుఃఖాల గురించి మాట్లాడినవాళ్ల మీద ఆయనకి కోపం లేదు. దాదాపు మాటే లేకుండా ఆటంతా ఎక్కించేసిన వీడియోలే ఆయన బాధ. ఇక్కడికొచ్చేసరికి నింటెండో పెట్టిన వ్యాఖ్యానం షరతు నాకు అంత అన్యాయంగా కనిపించదు. అదే షరతు వందల కోట్ల కంపెనీ చేతిలో ఒకలా, కొడుకుని పోగొట్టుకున్న తండ్రి చేతిలో ఇంకోలా ఉంటుంది.

కాబట్టి నా పేచీ షరతులు ఉన్నందుకు కాదు, అవి ఎప్పుడు మారతాయో తెలియనందుకు. 2017లోనే ప్యూడీపై అనే పెద్ద యూట్యూబర్ వేరే ఆట లైవ్‌లో ఆడుతూ జాతి దూషణ చేశాడు. ‘ఫైర్‌వాచ్’ తయారుచేసిన కాంపో సాంటో వెంటనే అతను ఎప్పుడో చేసిన ఫైర్‌వాచ్ వీడియోని కాపీరైట్ నోటీసుతో తీయించింది. ఆ తిట్టు నాకూ అసహ్యమే, వాళ్ల కోపమూ న్యాయమే. కానీ తమ ఆటని ఎవరైనా స్ట్రీమ్ చేయొచ్చు, దానిమీద సంపాదించుకోవచ్చు అని ఆ కంపెనీ సైట్లోనే రాసి ఉంది. తీసేసిన వీడియోలో ఆ తిట్టు లేదు. ఆ మాట నమ్మి వీడియోలు చేసిన చిన్న చానెళ్లవాళ్లు ఆ రోజు దాన్ని మళ్లీ ఒకసారి చదువుకుని ఉంటారు.

మా ఫీల్డులో దీనికి పనికొచ్చే అలవాటొకటి ఉంది. ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఒక లైసెన్స్ కింద విడుదల చేశాక, తర్వాతి వెర్షన్‌కి షరతులు మార్చుకుంటారు గానీ ఇచ్చేసిన వెర్షన్ జోలికి మామూలుగా వెళ్లరు. ఆటల వీడియో పాలసీలకీ తేదీ, వెర్షన్ ఉండాలి. వీడియో ఎక్కించిన రోజున ఏ షరతులున్నాయో దానికి ఎప్పటికీ అవే వర్తించాలి. గ్రీన్ దంపతుల్లాంటివాళ్లు మొదటి ఏడాది పూర్తి ఆట పెట్టొద్దంటే, ఆ సంగతి విడుదల రోజే రాసిపెడితే సరి.